అంతా హిట్లర్ మీదకు తోసేయకు

చిరంజీవికి,

ఆశీస్సులు. రెండో ప్రపంచయుద్ధంలో స్లొవాకియా తన యూదులను నాజీ శిబిరాలకు పంపేయడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. చిక్కల్లా ఒక్కటే, తప్పంతా మోసుకెళ్లి హిట్లర్ గుమ్మంలో దింపేశావు. హ్లింకా పార్టీని రెండు వాక్యాల్లో తేల్చేశావు. అసలు కథ అక్కడే ఉందయ్యా.

చెకొస్లొవాకియాలో స్లొవాక్‌లకు స్వయంపాలన అడిగిన ప్రాంతీయ పార్టీ అది. రాజధాని ప్రాగ్ తమను చిన్నచూపు చూస్తోందన్న ఉక్రోషం ఉత్తుత్తిది కాదు. అది దాచకుండా రాయి. 1939 మార్చిలో జర్మనీ అండతో సొంత రాజ్యం చేతికొచ్చాక, తమకన్నా చిన్నవాళ్లను వాళ్లేం చేశారో ఆ వెంటనే రాయి. చెక్ ఉద్యోగుల్ని సాగనంపడం, రోమాలను (జిప్సీలను) కూలి శిబిరాలకు తోలడం ఒక్కో ముక్కలో చెప్పినా చాలు. అధ్యక్షుడు టిసో కేథలిక్ ఫాదర్ అన్నదాని మీద ఉపన్యాసం మాత్రం వద్దు, పాఠకుడు గుడ్డివాడు కాదు.

నువ్వు తీరిగ్గా కూర్చోవలసింది కాగితాల దగ్గర. 1941 సెప్టెంబరులో తెచ్చిన యూదు చట్టంలో 270 సెక్షన్లు. దుకాణాలు, ఉద్యోగాలు లాక్కున్నారు. రోడ్డున పడ్డాక, వీళ్లు ప్రభుత్వానికి భారమన్నారు. 1942 మార్చి 25న పొప్రాడ్ నుంచి మొదటి రైలు ఆష్‌విట్జ్ నాజీ శిబిరానికి కదిలింది. సుమారు వెయ్యిమంది, ఎక్కువగా పెళ్లికాని ఆడపిల్లలు. పనికి పంపుతున్నామని చెప్పారు. ఇళ్ల నుంచి పోగుచేసింది ఆ పార్టీ సాయుధ దళమైన హ్లింకా గార్డులు, స్థానిక పోలీసులు. పైగా, పంపిన ఒక్కో మనిషికి 500 మార్కుల (జర్మన్ డబ్బు) చొప్పున జర్మనీకి ఎదురు కట్టడానికి ఒప్పుకున్నారు. పోయినవాళ్లు తిరిగి రాకూడదు, వాళ్ల ఆస్తి మీద జర్మనీ పేచీ పెట్టకూడదు, ఇదీ బేరం. నీ వ్యాసంలో ఈ బేరం ఊసే లేదు! అక్టోబరుకల్లా సుమారు 58,000 మందిని పంపేశారు. జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది ఆ తర్వాతెప్పుడో, 1944 ఆగస్టు చివర్లో.

1942 మే 15న, అప్పటికే జరుగుతున్న ఈ తరలింపుకు పార్లమెంటులో చట్టం చేశారు. ఎదురు నిలిచింది హంగేరియన్ల ప్రతినిధి ఎస్తెర్‌హాజీ ఒక్కడే. నువ్వు ఆయన్ను మహాత్ముణ్ని చేశావు. అంతకుముందు యూదులకు వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లలో ఆయనా ఉన్నాడు. రెండూ పక్కపక్కనే పెట్టు.

ఆఖరి పేరాలో మన ప్రాంతీయ పార్టీలతో పోలిక తీసెయ్. ఆ రైలు పక్కన మన ఎన్నికల తగాదాలు నిలబెట్టడం నాకు రుచించలేదు. 58,000 అన్న అంకెతో మొదలుపెట్టావు, దాన్నీ కిందికి జరుపు. మొదట ఆ 500 మార్కులు రానీ.

తిరగరాసి పంపు, తొందరేం లేదు.