పాత స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ ముక్క ఏ మార్క్‌దో ఎలా తెలుసుకోవాలి?

మీరడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో పాత సామాన్ల సంతలో అరచేయంత అల్యూమినియం పలక కొన్నారు. దానికి ఒక స్విచ్ ఉంది. '1940 బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ నాటి స్పిట్‌ఫైర్‌ది' అని అమ్మినాయన చెప్పాడు (రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో జరిగిన పోరాటం అది, అందులో పాల్గొన్న బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్). ఫోటోలో అంచు దగ్గర 349తో మొదలయ్యే నంబరు కనిపిస్తోంది. ఆయన మాట నిజమేనా?

స్పిట్‌ఫైర్‌దే అయ్యుండొచ్చు. 1940 నాటిది మాత్రం కాదు.

స్పిట్‌ఫైర్‌ను మార్పులు చేస్తూ వరసగా తెచ్చిన రకాలే మార్కులు. దాన్ని రూపొందించిన సూపర్‌మెరీన్ కంపెనీ వాళ్లు ప్రతి డిజైన్‌కూ ఒక టైప్ నంబరు ఇచ్చేవారు. మార్క్ 1కి 300, మార్క్ 2కి 329, మార్క్ 5బీకి 331, 5సీకి 349, మార్క్ 8కి 360, మార్క్ 9కి 361, గ్రిఫన్ ఇంజన్ పెట్టిన మార్క్ 14కి 379. భాగం మీది నంబరు ఈ మూడంకెలతోనే మొదలవుతుంది. 5సీ స్క్వాడ్రన్లకు చేరింది 1941 చివర్లో. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ 1940 అక్టోబరుతోనే ముగిసింది. అమ్మినాయన చెప్పింది ఇక్కడే తేలిపోయింది.

అలాగని 'అయితే ఇది 5సీది' అని రాసేసుకోకండి. చాలామంది పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. ఆ మూడంకెలు చెప్పేది ఆ భాగాన్ని మొదట ఏ రకం కోసం గీశారన్నదే, ఏ విమానంలోంచి ఊడి వచ్చిందన్నది కాదు. బాగా కుదిరిన భాగాన్ని తర్వాతి మార్కుల్లోనూ అలాగే వాడేశారు. మార్క్ 9 పుట్టిందే 5సీ శరీరానికి మెర్లిన్ 61 ఇంజన్ బిగించడంతో, అందుకే దాని కాక్‌పిట్‌లో 300, 349, 361 మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. కాబట్టి ఆ నంబరు 'ఇంతకంటే ముందుది కాదు' అని చెప్పగలదు. 'ఇంతకంటే తర్వాతది కాదు' అని ఎప్పటికీ చెప్పలేదు.

నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. స్పిట్‌ఫైర్లలో సగానికి పైగా తయారైన కాసిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉండేది. నేను మొదట కొన్న ముక్క మీద 300 ఉంది. మార్క్ 1దే అనుకుని రెండేళ్లు గోడకు తగిలించుకున్నాను, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను. ఒకరోజు దించి తుడుస్తుంటే, వెనక రివెట్లతో బిగించిన చిన్న బ్రాకెట్ మీద 361 కనిపించింది. ఆరోజు నుంచి ఏ ముక్క చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. కలిసి బిగించిన భాగాలన్నిటిలో ఏది చివర వచ్చిన డిజైనో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు కూడా ఒక మెలిక ఉంది: మార్క్ 5లను తర్వాత మార్క్ 9లుగా మార్చినవీ ఉన్నాయి, అంటే 361 ఉన్నా ఆ విమానం మొదట మార్క్ 5గా పుట్టి ఉండొచ్చు.

నంబరు పక్కన చిన్న ఇన్‌స్పెక్షన్ ముద్ర ఉందేమో చూడండి. సీబీఏఎఫ్ అని ఉంటే కాసిల్ బ్రామిచ్‌ది, 6ఎస్ అని ఉంటే సూపర్‌మెరీన్‌ది. కాసిల్ బ్రామిచ్ నుంచి మొదటి మార్క్ 2లు వచ్చింది 1940 జూన్‌లో. కొన్ని ముద్రలు సిరాతో వేసినవి. దయచేసి వైర్ బ్రష్, పెయింట్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. నేను గట్టిగా తోమి ఒక ముద్రను పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది.

ఇక ఆ స్విచ్. దాని మీద కిరీటం కింద ఏ.ఎం. అని, 5సీతో మొదలయ్యే నంబరు ఉంటే (ఈ 5సీకి మార్క్ 5సీతో సంబంధం లేదు) అది ఎయిర్ మినిస్ట్రీ, అంటే బ్రిటిష్ విమాన మంత్రిత్వశాఖ, స్టోర్స్ సరుకు. అలాంటివి హరికేన్ ఫైటర్‌లోనూ ఉంటాయి, లాంకాస్టర్ బాంబర్‌లోనూ ఉంటాయి. 6ఏతో మొదలయ్యే డయళ్లూ అంతే. వాటితో విమానం పేరు తేల్చలేం.

ఫైటర్‌లో ఎక్కువ సంగతులు చెప్పేది కంట్రోల్ కాలమ్ పైనుండే గుండ్రటి పట్టు, స్పేడ్ గ్రిప్ అంటారు. మెషిన్ గన్లు మాత్రమే ఉన్న విమానాలకు దాని మీద గుండ్రటి బటన్ ఒక్కటే. ఫిరంగులు వచ్చాక పొడవాటి బటన్ పెట్టారు: ఒకచోట నొక్కితే మెషిన్ గన్లు, ఇంకోచోట నొక్కితే ఫిరంగులు, మధ్యలో నొక్కితే రెండూ. అయినా గుండ్రటి బటన్ చూడగానే మార్క్ 1 అనకండి, ఎనిమిది మెషిన్ గన్ల మార్క్ 5ఏ కూడా ఉంది.

ముందు ముందు డయళ్లు కొనే ఆలోచన ఉంటే ఒక్క మాట. వాటి అంకెలకు పూసింది రేడియం. చీకట్లో వెలగకపోతే భయం లేదనుకుంటారు. వెలుగు పోయేది పక్కన కలిపిన జింక్ సల్ఫైడ్ పాడైపోవడం వల్ల. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పొద్దు, గోకొద్దు, పిల్లల గదిలో పెట్టొద్దు.

ముక్క వంగిపోయి, మట్టి పట్టి ఉంటే ఎక్కడ తవ్వారో అమ్మినాయన్ని తప్పకుండా అడగండి. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం, కూలిన సైనిక విమానాల చోట లైసెన్సు లేకుండా తవ్వకూడదు. అలాంటి కొన్నిచోట్ల పైలట్ ఇంకా అక్కడే ఉంటాడు. ఎక్కడిదో చెప్పలేని ముక్కను నేనైతే కొనను.

వెనకవైపు ఫోటో ఒకటి పెట్టండి. టార్చి పైనుంచి కాకుండా పక్కనుంచి, ఏటవాలుగా వేసి తీయండి, అప్పుడే లోతులేని అంకెలు నీడ పడి కనిపిస్తాయి. ముఖ్యంగా రివెట్ల చుట్టూ. అక్కడ 361 ఉందేమో చూద్దాం.