కోర్టు ఆఫీసర్ ఉద్యోగం, ఇంటికొచ్చే తుపాకీ: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మేం న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటాం, సొంతూరు గుంటూరు దగ్గర. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి జాన్ జే కాలేజీలో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ ఈ ఏడాదితో అయిపోతుంది. స్టేట్ కోర్టుల్లో కోర్టు ఆఫీసర్ పరీక్ష రాస్తానంటే, ఫైళ్లు చూసుకునే ఉద్యోగం కదా అని సరేనన్నాం. ఇప్పుడేమో తుపాకీ ఉంటుందట, డ్యూటీ దిగాక కూడా దగ్గరే పెట్టుకోవచ్చట. ఇంట్లో వాడి చెల్లెలు హైస్కూల్లో ఉంది. వాళ్లమ్మకు కంటి మీద కునుకు లేదు. అసలు చట్టం ఒప్పుకుంటుందా? మమ్మల్ని ఒప్పుకోమంటారా?

జవాబు: అమ్మగారి భయంలో న్యాయం ఉంది. ముందు చట్టం సంగతి చూద్దాం.

మన ఊరి కోర్టుల్లో డఫేదారు, అమీను, బంట్రోతు ఎవరి దగ్గరా ఆయుధం ఉండదు. సాయుధ కాపలా పోలీసుల పని. న్యూయార్క్ స్టేట్ కోర్టులకు మాత్రం సొంత యూనిఫాం దళం ఉంది. పక్కనే న్యూజెర్సీలో అదే పని షెరీఫ్ ఆఫీసర్లు చేస్తారు. ఫెడరల్ కోర్టుల భద్రత మార్షల్స్ సర్వీసు చూస్తుంది. కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బంధువులుంటే, వాళ్లు చెప్పేవి విని మీవాడి విషయం తేల్చేయకండి.

న్యూయార్క్ క్రిమినల్ ప్రొసీజర్ లా 2.10 సెక్షన్‌లో పీస్ ఆఫీసర్ల, అంటే పోలీసులు కాకపోయినా కొన్ని పోలీసు అధికారాలున్న ఉద్యోగుల జాబితా ఒకటి ఉంది. యూనిఫాం కోర్టు ఆఫీసర్లు అందులో ఉన్నారు. నగరంలోని కోర్టు క్లర్కులు కూడా ఉన్నారంటే మీకు ఆశ్చర్యం వేయొచ్చు. జాబితాలో కొన్ని ఉద్యోగాల పక్కన ‘లైసెన్సు ఉంటే తప్ప తుపాకీ లేదు’ అని షరతు రాసి ఉంటుంది. యూనిఫాం కోర్టు ఆఫీసర్లకు ఆ షరతు లేదు. లైసెన్సు లేని తుపాకీని నేరంగా చూసే నిబంధనల నుంచి పీనల్ లా 265.20 సెక్షన్ పీస్ ఆఫీసర్లను మినహాయిస్తుంది. ఆ మినహాయింపు డ్యూటీ గంటలకే అని అందులో లేదు. మీవాడు చెప్పింది నిజమే.

అయితే అదే చట్టం వాడి చేతులు ఎక్కడ కట్టేస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. పీస్ ఆఫీసర్ వేరు, పోలీసు ఆఫీసర్ వేరు. వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం మీవాడికి పూర్తిగా ఉండేది ఆ ఉద్యోగపు ప్రత్యేక విధుల్లో ఉన్నప్పుడే. కోర్టు హాల్లో జరిగిన దానికీ, సెలవు రోజున పెట్రోలు బంకు దగ్గర జరిగిన గొడవకీ చట్టం వేరువేరు కొలతలు పెట్టింది. నడుముకు పిస్టల్ ఉన్నంత మాత్రాన ఊళ్లో గొడవలన్నీ తీర్చే బాధ్యత రాదు. ఈ తేడా తలకెక్కని కుర్రాడికి డ్యూటీ బయట తుపాకీ ప్రమాదమే. మీవాడికి ఎక్కిందో లేదో ఇంట్లో కూర్చోబెట్టి అడగండి.

శిక్షణ సంగతి క్రిమినల్ ప్రొసీజర్ లాలోని 2.30 సెక్షన్ చెబుతుంది. ఆయుధం పట్టే పీస్ ఆఫీసర్ ప్రాణాంతక బలం ఎప్పుడు వాడొచ్చో, ఎప్పుడు వాడకూడదో నేర్చుకోవాలి. ఒకసారి నేర్చుకుంటే చాలదు, ఏటా మళ్లీ పాఠం ఉంటుంది.

ఇక రాష్ట్రం దాటితే? 2004లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటుంది, అందరూ లియోసా అంటారు. అరెస్టు అధికారం ఉండి, తన శాఖ తుపాకీకి అనుమతించి, శాఖ పెట్టే ఫైరింగ్ పరీక్షలో నెగ్గుతూ, సస్పెన్షన్‌కి దారితీసే క్రమశిక్షణ కేసు లేనివాడైతే, శాఖ ఇచ్చిన ఫొటో ఐడీ జేబులో పెట్టుకుని ఏ రాష్ట్రంలోనైనా తుపాకీని బయటికి కనపడకుండా ఉంచుకోవచ్చు. కానీ మందు తాగి ఉంటే ఆ రక్షణ పోతుంది. ఎడిసన్‌లో పెళ్లి రిసెప్షన్‌కి వెళ్తే గ్లాసో, తుపాకీనో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు స్థలం యజమాని వద్దనే హక్కును రాష్ట్రాలు కాపాడవచ్చు. ప్రభుత్వ భవనాల్లోనూ నిషేధించవచ్చు. 2022 నుంచి న్యూయార్క్‌లో గుళ్లు, సబ్‌వే, టైమ్స్ స్క్వేర్ వంటి చోట్ల మామూలు లైసెన్సుదారులకు తుపాకీ నిషిద్ధం చేసినా పీస్ ఆఫీసర్లను మినహాయించారు. మినహాయింపు ఉంది కదా అని ఫ్లషింగ్ గణపతి గుడికి నడుముకు పెట్టుకుని వెళ్లాలా? నన్నడిగితే వద్దు. గుంటూరు ప్రయాణంలో ఈ చట్టాలేవీ వెంట రావు, అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ఉంటుంది. తుపాకీ న్యూయార్క్‌లో తాళంలోనే ఉండాలి.

తాళం అన్నాను కాబట్టి చెల్లెలి సంగతి. 18 ఏళ్లలోపు వాళ్లున్న ఇంట్లో తుపాకీ యజమాని దగ్గర లేనప్పుడు లాకర్లోనో, ట్రిగ్గర్ లాకుతోనో ఉండాలని న్యూయార్క్ చట్టం. అధికారి ఇల్లయినా ఇందులో వెసులుబాటు వెతక్కండి. పరుపు కిందా, బీరువా బట్టల మధ్యా కుదరదు. లాకరు కొన్నాకే తుపాకీ ఇంట్లోకి రావాలని అమ్మగారిని షరతు పెట్టమనండి, పూర్తిగా సమంజసం. డ్యూటీ బయట తుపాకీ వెంట పెట్టుకొమ్మని పైన చెప్పిన సెక్షన్లేవీ బలవంతం చేయవు, ఒప్పుకుంటాయంతే.

ఉద్యోగం మాత్రం తుపాకీ చుట్టూ తిరగదు. మీ క్వీన్స్‌లోనే జమైకా ప్రాంతంలో ఉన్న ఫ్యామిలీ కోర్టుకు ఒక ఉదయం మీరే వెళ్లి చూడండి. మెటల్ డిటెక్టర్ దగ్గర బెల్టులు, తాళంచెవులు ట్రేలో పడుతుంటాయి. భర్త మీద రక్షణ ఉత్తర్వు కోసం కాగితాలు పట్టుకొచ్చిన అమ్మాయి, అదే భర్త, ఒకే వరండాలో. ఆఫీసరు గొంతు పెంచకుండా ఒకరిని ఈ బెంచీకి, ఇంకొకరిని ఆ బెంచీకి పంపి మధ్యలో నిలబడతాడు. రోజంతా ఇదే పని. మాట, నిలకడ, చూపు. అయినా ప్రమాదం లేదని మీకు అబద్ధం చెప్పను. 2001 సెప్టెంబర్ 11న కోర్టులు వదిలి ట్విన్ టవర్స్ వైపు జనాన్ని కాపాడటానికి పరుగెత్తిన వాళ్లలో ముగ్గురు కోర్టు ఆఫీసర్లు చనిపోయారు.

నా అభిప్రాయం అడిగారు. మాట మీద అదుపు ఉన్న కుర్రాడైతే ఒప్పుకోండి, గౌరవమైన ఉద్యోగం. చిన్నమాటకే చేయి లేచే స్వభావమైతే డిగ్రీ ఎంత బాగున్నా నేను వద్దనే చెబుతాను.

దరఖాస్తు ముందు వాడితో రెండు విషయాలు నిక్కచ్చిగా మాట్లాడండి. ఒకటి గంజాయి. న్యూయార్క్‌లో 2021 నుంచి చట్టబద్ధమే, కానీ ఫెడరల్ చట్టంలో ఇంకా నిషిద్ధం, తుపాకీ అర్హత దగ్గర అది అడ్డుపడుతుంది. రెండోది గృహహింస కేసు. చిన్న శిక్షే పడినా తుపాకీ హక్కు పోతుంది, యూనిఫాం ఉన్నా ఫెడరల్ చట్టం వదలదు. ఈ ఉద్యోగానికి తుపాకీ అర్హత తప్పనిసరి.

అమెరికా పౌరసత్వం, హైస్కూల్ పట్టా కావాలి, రెండూ మీవాడికి ఉన్నాయి. రాతపరీక్ష తర్వాత దేహదారుఢ్యం, వైద్యం, మానసిక పరీక్ష, గతం మీద విచారణ ఉంటాయి. పరీక్ష ప్రకటన కోసం న్యూయార్క్ స్టేట్ కోర్టుల వ్యవస్థ, అంటే యూనిఫైడ్ కోర్ట్ సిస్టమ్ వెబ్‌సైటులోని కెరీర్స్ పేజీని అప్పుడప్పుడూ చూస్తుండమనండి. ఈలోగా పరుగు మొదలుపెట్టమనండి, చదివిన చోట్ల, పనిచేసిన చోట్ల చిరునామాలు, తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. విచారణ రోజు అవన్నీ అడుగుతారు.