బెల్లం అందుతుంటే బూజు గడ్డి జోలికి పోదు

ప్రశ్న: మిద్దెతోటకు ఎరువు చేద్దామని డ్రమ్ములో వరిగడ్డి, ఎండుటాకులు వేసి, వాటిని కుళ్లబెట్టే ట్రైకోడెర్మా అనే బూజు పొడి కలిపాను. బూజు బాగా పెరుగుతుందని తెలిసినవారు చెబితే మూడు రోజులకోసారి బెల్లం నీళ్లు పోస్తున్నాను. పులిసిన వాసన వస్తోంది గాని గడ్డి గట్టిగానే ఉంది. బెల్లం ఇంకా పెంచాలా? అసలు కళ్లూ నోరూ లేని బూజుకు గడ్డిలో తిండి ఉందని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాదు

జవాబు: బెల్లం పెంచకండి, పూర్తిగా ఆపేయండి. మీ రెండు ప్రశ్నలకూ సమాధానం బూజు జన్యువుల్లోనే ఉంది.

వరిగడ్డిలో అధిక భాగం సెల్యులోజ్, హెమీసెల్యులోజ్. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ అణువులు గొలుసులా అతుక్కుని ఏర్పడిన పదార్థం. హెమీసెల్యులోజ్ రకరకాల చక్కెరలు కలిసిన అలాంటి గొలుసే. అంత పొడవైన గొలుసు కణంలోపలికి పోలేదు కనుక, బూజు దాన్ని కోసే ఎంజైములను తన పోగుల నుంచి బయటికి వదిలి, కరిగి వచ్చిన చక్కెరలను పీల్చుకుంటుంది. ఈ ఎంజైములన్నీ ప్రొటీన్లే. వాటి తయారీకి నత్రజని, శక్తి బాగా ఖర్చవుతాయి. అందువల్ల అవసరం ఏర్పడితే తప్ప ఆ జన్యువులు పూర్తిగా మేల్కొనవు.

అవసరం ఎలా తెలుస్తుందన్నదే ఇందులో అద్భుతమైన విషయం. తిండి దొరకని వేళ బూజు కొద్దిపాటి ఎంజైములను వేగుల మాదిరిగా ముందే బయటికి పంపి ఉంచుతుంది. చుట్టుపక్కల సెల్యులోజ్ ఉంటే అవి దాని నుంచి రెండేసి గ్లూకోజ్‌ల ముక్కలను తెంచుతాయి. సెల్లోబయోస్ అనే ఆ ముక్క, దానికి దగ్గరి రూపమైన సోఫోరోస్ వంటి చక్కెరలు కణానికి కబురుగా పనిచేస్తాయి. ట్రైకోడెర్మా రీసై అనే జాతిలో ఆ కబురు అందగానే ఎక్స్‌వైఆర్-1 అనే ప్రొటీన్ సెల్యులోజ్‌నూ హెమీసెల్యులోజ్‌నూ కోసే జన్యువులన్నింటినీ కలిపి పనిలోకి దింపుతుంది. న్యూరోస్పోరా అనే మరో బూజులో సెల్యులోజ్ బాధ్యతను సీఎల్ఆర్-1, సీఎల్ఆర్-2 అనే వేరే ప్రొటీన్లు చూసుకుంటాయి.

దీనికి ఎదురుగా సీఆర్ఈ-1 అనే అడ్డుకట్ట ప్రొటీన్ కూడా ఉంది. గ్లూకోజ్ సులువుగా అందుతున్నంతసేపూ అది ఈ జన్యువుల ముందు భాగానికి అతుక్కుని వాటిని పనిచేయనివ్వదు. పైగా ఎక్స్‌వైఆర్-1 ఉత్పత్తినే తగ్గించివేస్తుంది. అంటే తీపి ఉన్నచోట గడ్డి కబురు అందినా ఫలితం అంతంతమాత్రమే.

ఈ అడ్డుకట్ట ఎంత బలమైనదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు చివికిపోతుంటే, ఆ గుడ్డ మీద దొరికిన బూజే ట్రైకోడెర్మా రీసై. నూలు దాదాపు అచ్చమైన సెల్యులోజే గనుక దానికి అంతకు మించిన మేత లేదు. 1970లలో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఈ జాతి నుంచి రట్-సీ30 అనే రకాన్ని రూపొందించారు. మూల జాతికన్నా ఎక్కువ ఎంజైమును ఇచ్చే ఆ రకంలో సీఆర్ఈ-1 జన్యువు తెగిపోయి ఉందని తరువాత తేలింది. మార్కెట్లో మనం కొనే ట్రైకోడెర్మా పొడిలో సాధారణంగా ఉండేవి విరిడే, హర్జియానం వంటి జాతులు. వాటిలో ఈ అడ్డుకట్ట చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇక మీ డ్రమ్ము సంగతి. మొదట్లో ఒకసారి కొద్దిగా బెల్లం కలపడంలో తప్పులేదు. బూజు మొలకెత్తడానికి అది తోడ్పడుతుంది, త్వరగా అయిపోతుంది. మూడు రోజులకోసారి పోస్తే మాత్రం చక్కెర తరగదు. గాలి ఆడని అడుగుభాగంలో ఈస్టులు, బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. మీకు వస్తున్న వాసన అదే. గడ్డిని బయటికి తీసి ఆరబెట్టి, వేలెడంత ముక్కలుగా కత్తిరించి, కొద్దిగా పేడ నీళ్లు చిలకరించి మళ్లీ వదులుగా నింపండి. పేడలోని నత్రజని ఎంజైముల తయారీకి పనికివస్తుంది. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. డ్రమ్ము పక్కలకు రంధ్రాలు లేకపోతే పెట్టించండి. గడ్డికి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని ట్రైకోడెర్మా పెద్దగా కరిగించలేదు కనుక, చివరికి కొన్ని ముదురు ఈనెలు మిగిలితే జల్లెడ పట్టి తరువాతి డ్రమ్ములో వేసుకోండి.