‘బ్లాక్’ అంటే రక్తనాళం మూసుకుపోవడమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. పన్నెండు రోజుల క్రితం తొడలోని రక్తనాళం గుండా గొట్టం పంపి బృహద్ధమని వాల్వు మార్చారు. ఇంటికి పంపేటప్పుడు ఇసిజిలో కొత్తగా ‘లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ ఉందన్నారు. నిన్న స్నానం చేసి వస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. అడిగితే నీరసమే అంటున్నారు. వాల్వు సరిగ్గా కూర్చోలేదా? మళ్లీ స్టెంట్ వేస్తారా?

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లమని కబురు చేశాను. మిగతాది ఇలాంటి టెన్షన్‌లో ఉన్న మరికొందరి కోసం రాస్తున్నాను.

ఈ బ్లాక్‌కీ స్టెంట్‌కీ సంబంధం లేదు. ఇది కరెంటు తీగ సమస్య. ఈ పద్ధతిలో పాత వాల్వును కోసి తీసెయ్యరు. దాన్ని పక్కకి నెట్టి, దాని లోపల కొత్త వాల్వు చట్రం విచ్చుకుంటుంది. గుండె పైగదుల నుంచి కిందిగదులకు సంకేతం మోసుకెళ్లే తీగ సరిగ్గా ఆ వాల్వు అంచు కిందే, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో పోతుంది. అక్కడి నుంచి అది కుడి, ఎడమ కొమ్మలుగా చీలుతుంది. చట్రం నొక్కినా, చుట్టూ వాచినా ఆ తీగ దెబ్బతింటుంది. ఎడమ కొమ్మలో సంకేతం ఆగడమే ‘లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’. వాల్వు చక్కగా కూర్చున్నా ఇలా జరగొచ్చు. వాపు తగ్గాక కొందరికి తీగ కోలుకుంటుంది. కొందరికి ఇంటికొచ్చాక ముదురుతుంది, కుడి కొమ్మ కూడా ఆగితే నాడి ముప్పై నలభైకి పడిపోతుంది. అందుకే మొదటి కొన్ని వారాల్లో కళ్లు తిరగడాన్ని నీరసం కింద కొట్టెయ్యకూడదు.

ఇసిజి బాగుందిగా అంటారు. ఆ కాగితం మీద ఉండేది పది సెకన్లే! ఒక పెద్దాయన ఇసిజి చూసి బాగుందని చెప్పి పంపించబోయాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ రెండో గుండీ దగ్గర చెయ్యి ఆగింది, చూపు నిలిచిపోయింది. ఛాతీ మీద తీగలు ఇంకా తియ్యలేదు కాబట్టి తెరమీద గీత తిన్నగా సాగడం కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఇలాంటివాళ్లకి రోజుల తరబడి లయ రాసే మానిటర్ కట్టించకుండా వదలను.

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిండా నిమిషం నాడి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే మధ్యలో తప్పిన దెబ్బ దొరక్కపోవచ్చు. నాడిని నెమ్మదింపజేసే బీపీ మాత్రలేమైనా వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకి చూపించండి, సొంతంగా మానేయకండి.

ఈ బ్లాక్ వచ్చిన అందరికీ పేస్‌మేకర్ (గుండె కొట్టుకునేలా కరెంటు సంకేతం ఇచ్చే పరికరం) అక్కర్లేదు. సంకేతం పూర్తిగా ఆగి, తిరిగి రాకపోతే మాత్రం తప్పదు. పెట్టాల్సివస్తే అది భుజం కింద, ఛాతీ పైభాగంలో చర్మం లోపల పట్టే చిన్న పరికరం. స్పృహ తప్పితే మాత్రం నాడి లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే అంబులెన్స్ పిలవండి.