మీరు వెతుకుతున్న సినిమా 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'

నాన్నతో ఓడలో దొంగచాటుగా అమెరికా వచ్చిన చైనా అమ్మాయి, శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో డప్పు కొడుతూ పాడే పాత రంగుల సినిమా పేరు అడిగారు కదండీ. అది 1961లో వచ్చిన 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'. చివర్లో ఆ అమ్మాయి పెళ్లి ఒప్పందం తప్పించుకునేది కూడా ఇందులోనే: టీవీలో చూసింది గుర్తు పెట్టుకుని, అందరి ముందూ "నేను దొంగతనంగా దేశంలోకి వచ్చాను" అని ఒప్పేసుకుంటుంది, దాంతో ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. ఆ అమ్మాయిగా వేసిన మియోషి ఉమేకి ఆ మాట ఎంత నెమ్మదిగా చెబుతుందో, నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

పాపతో చూడొచ్చా అన్నారు. తప్పకుండా చూడండి, కానీ ముందే రెండు మాటలు చెప్పండి. ఆడపిల్లంటే అలంకారమే అన్నట్టుండే అద్దం ముందు పాట ఈ రోజుల్లో ఇబ్బందిగా ఉంటుంది. చైనా వాళ్ల కథే అయినా ఉమేకి జపాన్‌లో పుట్టింది, హీరో జేమ్స్ షిగెటా జపనీస్ అమెరికన్, పిన్ని వేసిన హ్వానిటా హాల్ నల్లజాతి నటి. అయినా దాదాపు అందరూ ఆసియా మూలాల నటులే ఉండటం అప్పటి హాలీవుడ్‌లో చాలా పెద్ద విషయం. హీరో తండ్రి అయిన పెద్దాయనకీ, ఆయన కొడుకులకీ మధ్య గొడవలు చూస్తే మన ఇళ్లే గుర్తొస్తాయి.

ఈ సినిమాకి మూలమైన రంగస్థల సంగీత నాటకాన్ని 2000ల మొదట్లో నాటక రచయిత డేవిడ్ హెన్రీ హ్వాంగ్ తిరగరాశారు, అందులో కథ చాలా వేరు. మీకు కావలసింది 1961దే.