అబ్బాయి జీతం సరే, ఐ-140 వచ్చిందా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్ళ ఫార్మ్-డి చేసి, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తోంది. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకబ్బాయి డల్లాస్‌లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. "డిపెండెంట్ మీద తీసుకెళ్తాం, వెళ్ళాక ఉద్యోగం చూసుకోవచ్చు" అంటున్నారు. రెండో అబ్బాయి న్యూజెర్సీలో పుట్టి పెరిగిన అమెరికా పౌరుడు. వాళ్ళేమో విజిటర్ వీసా మీద వచ్చేస్తే అక్కడే పెళ్ళి చేసి గ్రీన్‌కార్డుకు మారుస్తామంటున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పెళ్ళి సంగతి చెప్పకుండా ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎంఎస్‌కు పంపమంటున్నారు. ఏ దారి మంచిది? - ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా రెండు మాటలు తీసి పక్కన పెట్టేద్దాం. విజిటర్ వీసా మాట, పెళ్ళి దాచే మాట. చుట్టం చూపుగా వెళ్తున్నానని కాన్సులేట్‌లో చెప్పి, అక్కడ కాపురం పెట్టాలన్న ఉద్దేశంతో విమానం ఎక్కడం అధికారులకు అబద్ధం చెప్పడమే. ఎఫ్-1 దరఖాస్తులో కాబోయే భర్త అమెరికాలో ఉన్న సంగతి దాచినా అంతే. వీసా కోసం అసలు సంగతి దాచారని తేలితే అమెరికాలో అడుగుపెట్టకుండా శాశ్వత నిషేధం పడుతుంది. దానికి మినహాయింపు అడగొచ్చు గానీ, దొరుకుతుందన్న భరోసా లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఫీజు తీసుకుని పక్కకు తప్పుకుంటారు, సంతకం మాత్రం మీ అమ్మాయిది.

ఇక డల్లాస్ సంబంధం. "వెళ్ళాక ఉద్యోగం చూసుకోవచ్చు" అన్న మాట నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. వాళ్ళు చెప్పే డిపెండెంట్ వీసా పేరు హెచ్-4. దాని మీద వెళ్ళిన భార్య చదువుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరుచుకోవచ్చు, చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవచ్చు. జీతానికి పనిచేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు ఉండాలి. 2015 మే నుంచి హెచ్-4 భార్యలకు ఈ కార్డు ఇస్తున్నారు గానీ అందరికీ కాదు. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొంది ఉండాలి. లేదంటే గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్న కారణంగా అతని హెచ్-1బీని ఆరేళ్ళ పరిమితి దాటి పొడిగించి ఉండాలి. ఈ రెండిట్లో ఏదీ లేకపోతే మీ అమ్మాయికి ఎంత చదువున్నా అక్కడ జీతానికి ఒక్క రోజు కూడా పనిచేయడానికి వీల్లేదు.

కాబట్టి పెళ్ళిచూపుల్లో జీతం, ఇల్లు, ఆస్తి అడిగినట్టే ఇదీ అడగండి. ఐ-140 ఆమోదం వచ్చిందా, ఎప్పుడు వచ్చింది, గ్రీన్‌కార్డు వరుసలో అతని స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ ఏమిటి, హెచ్-1బీలో ఇది ఎన్నో ఏడు? ఆమోదం వచ్చి ఉంటే ఐ-797 నోటీసు కాపీ ఉంటుంది, చూపించమనడంలో తప్పేమీ లేదు. ఆమోదం వచ్చి 180 రోజులు దాటిందా అని కూడా కనుక్కోండి. దాటాక అబ్బాయి కంపెనీ మారినా, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఐ-140 పోదు. 180 రోజుల్లోపే వెనక్కి తీసుకుంటే అది రద్దవుతుంది, దాన్ని నమ్ముకున్న ఈఏడీ ఆశ కూడా పోతుంది. అబ్బాయి అన్నీ విప్పి చెబితే సంతోషం. "అవన్నీ మా లాయర్ చూసుకుంటాడు" అని దాటవేస్తే, పెళ్ళి ముహూర్తం పెట్టుకునే ముందు ఇంకోసారి గట్టిగా అడగండి.

ఐ-140 ఉన్నా, కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్ దరఖాస్తులకు పాత కార్డు గడువు దానంతటదే పెరిగే వెసులుబాటు తీసేశారు. కార్డు తేదీ అయిపోయి కొత్తది రాకపోతే ఆ రోజే పని ఆపేయాలి. అందుకే గడువుకు 180 రోజుల ముందే రెన్యువల్ వేసుకోవాలి. ఇండియా నుంచి నేరుగా సొంత హెచ్-1బీ మీద వెళ్ళే దారి ఇప్పుడు బాగా ఇరుకైంది. ఏటా 65,000 వీసాలు, వాటికి తోడు అమెరికా మాస్టర్స్ చేసినవాళ్ళకు 20,000 అన్న లాటరీ కోటా పాతదే. దాని మీద, బయటి దేశంలో ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త దరఖాస్తులకు 2025 సెప్టెంబరు ఉత్తర్వు లక్ష డాలర్లు కట్టమంటోంది.

అబ్బాయికి ఐ-140 లేదనుకోండి, సంబంధం మాత్రం అన్ని విధాలా నచ్చింది. అప్పుడు ఎఫ్-1ని ఆలోచించవచ్చు, కానీ దాచకుండా. పెళ్ళయిన సంగతి దరఖాస్తులో రాసి, నిజంగా చదవాలన్న కోర్సుతో వెళ్ళాలి. తిరిగి వస్తానని అధికారిని ఒప్పించడం భర్త అక్కడ ఉన్నవాళ్ళకు కష్టమే. అంతకన్నా నెమ్మదైన దారి, ముందు హెచ్-4 మీద వెళ్ళి, అక్కడ కాలేజీ, కోర్సు కళ్ళతో చూసుకుని, తర్వాత ఎఫ్-1కు మార్చుకోవడం. హెచ్-4 మీదే పూర్తిగా చదివేయవచ్చు కదా అంటారేమో. చదవొచ్చు, కాకపోతే చదువయ్యాక ఏడాదిపాటు పనిచేసుకోనిచ్చే ఓపీటీ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల) కోర్సులకు దాని మీద వచ్చే మరో 24 నెలలు ఎఫ్-1 వాళ్ళకే.

ఇప్పుడు మీ అమ్మాయి చదువు సంగతి, నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. ఆమె చేసింది నాలుగేళ్ళ బీఫార్మసీ కాదు, ఆరేళ్ళ ఫార్మ్-డి. ఇది చిన్న తేడా కాదు. విదేశాల్లో చదివినవాళ్ళు అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు పొందాలంటే ముందు అక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఎన్ఏబీపీ ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ సంపాదించాలి. 2003 నుంచి పట్టా పొందినవాళ్ళకు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్నది దాని నియమం. బీఫార్మసీ చేసిన ఎందరో పిల్లలు అక్కడికి వెళ్ళాక ఈ గోడ దగ్గరే ఆగిపోయారు. మీ అమ్మాయికి ఆ గోడ లేదు. సర్టిఫికెట్‌లో భాగంగా ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష ఉంటాయి. తర్వాత రాష్ట్ర బోర్డు చెప్పినన్ని గంటల ఇంటర్న్‌షిప్, ఆపైన న్యాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, చాలా రాష్ట్రాల్లో ఫార్మసీ చట్టం మీద మరో పరీక్ష.

ఇందులో ముందు భాగానికి వీసాతో పని లేదు. మార్కుల వివరాలు కాలేజీ, యూనివర్సిటీ నుంచీ, రిజిస్ట్రేషన్ వివరాలు ఫార్మసీ కౌన్సిల్ నుంచీ నేరుగా వెళ్ళాలి. ఆ కాగితాలు కదలాలంటే మనిషి ఇక్కడుండి తిరగాలి. టెక్సాస్‌లో కూర్చుని గుంటూరు కాలేజీ క్లర్కుకు ఫోన్లు చేయడం కన్నా ఇప్పుడే రెండు పూటలు వెళ్ళిరావడం మేలు. ఇంటర్న్‌షిప్ గంటల దగ్గరకొచ్చేసరికి మాత్రం పని అనుమతి కావాలి, మళ్ళీ ఐ-140 దగ్గరకే వస్తాం. లైసెన్సు వచ్చాక యూనివర్సిటీలకు అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు లాటరీ కోటాతో సంబంధం లేకుండా హెచ్-1బీ వేయగలవు. ఫార్మ్-డి చదివిన అమ్మాయికి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అంతగా లేని సొంత దారి అది.

న్యూజెర్సీ సంబంధం వీసా లెక్కలో గట్టిది. విజిటర్ వీసా వద్దన్నాం కాబట్టి మిగిలినవి రెండు. కే-1 కాబోయే భార్యలకిచ్చేది. దరఖాస్తుకు ముందు రెండేళ్ళలో ఇద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలుసుకుని ఉండాలి, అమెరికా చేరిన 90 రోజుల్లో పెళ్ళి జరగాలి. ఇక్కడ తాళి కట్టించి పంపితే కే-1 చెల్లదు. మీది నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా ఇక్కడే జరిపించాలనుకునే ఇల్లు అనిపిస్తోంది, అలాంటివాళ్ళకు పెళ్ళయిన భార్యకిచ్చే సీఆర్-1 వీసా నప్పుతుంది. ఇక్కడే పెళ్ళి, రిజిస్ట్రేషన్, అబ్బాయి అక్కడ భార్య కోసం ఐ-130 దరఖాస్తు వేస్తాడు. ఏడాదికి పైగా వేచి ఉండాల్సి రావచ్చు, కానీ అమ్మాయి అక్కడ దిగిన రోజు నుంచే పనిచేసుకోవచ్చు. కే-1 మీద వెళితే పెళ్ళయ్యాక మళ్ళీ గ్రీన్‌కార్డుకు, పని అనుమతికి దరఖాస్తు చేసి కూర్చోవాలి. సీఆర్-1తో వచ్చే గ్రీన్‌కార్డు మొదట రెండేళ్ళకే, గడువుకు ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతులు తీసేయమని వేసుకోవాలి. వేచి ఉండే ఆ కాలంలో ఎఫ్‌పీజీఈసీ పని చాలావరకు పూర్తవుతుంది, ఆసుపత్రి అనుభవం కూడా పెరుగుతుంది. నాకైతే అది పోగొట్టుకున్న ఏడాదిలా కనిపించదు.

రేపు మూడో సంబంధం వస్తే ఉపయోగపడుతుందని ఇదీ చెబుతున్నాను. హెచ్-1బీ అబ్బాయికి గ్రీన్‌కార్డు రాకముందే పెళ్ళయితే భార్య అతని వెనకే వెళ్ళగలదు. కార్డు వచ్చాక పెళ్ళయితే గ్రీన్‌కార్డున్నవాళ్ళ భార్యలకుండే ఎఫ్2ఏ వరుసలో నిలబడాలి, దానికి సంవత్సరాలు పట్టవచ్చు. కార్డు ఇంకొన్ని నెలల్లో వస్తుందని అబ్బాయి అంటే, ముహూర్తం దానికి ముందే చూసుకోండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. డిపెండెంట్ వీసా భర్త వీసాను పట్టుకుని ఉంటుంది. అతని ఉద్యోగం పోయినా, ఇద్దరికీ పొసగక విడిపోయినా ఆమె హోదా పోతుంది. ఇది భయపెట్టడానికి కాదు. పాస్‌పోర్టు, చదువు సర్టిఫికెట్లు ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండాలి, తన పేరు మీద ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. అబ్బాయితో ఈ మాటలు మీరు కాదు, అమ్మాయే మాట్లాడాలి. ఏ ఊరు, ఏ పని, పిల్లలు ఎప్పుడు అన్నవి వీసా తేదీలతో ముడిపడి ఉంటాయి.

ఫారాలు వేసే ముందు లైసెన్సున్న ఇమిగ్రేషన్ అటార్నీకి ఒకసారి చూపించండి. పెళ్ళయిన వెంటనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించండి, గుడి రసీదుతో సరిపెట్టుకోవద్దు. ఆ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లు, ఇంటిపేరుతో సహా, పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో సంతకం పెట్టకముందే చూసుకోండి.