హైస్కూలు దాటినవాడు స్నాతకుడా?

సందేహం: మేము అమెరికాలో, టెక్సస్‌లో ఉంటున్నాం. మే నెలాఖరులో మా అబ్బాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్. క్లాసులో రెండో ర్యాంకు వచ్చింది కాబట్టి వాడిని ‘సల్యూటటోరియన్’ అంటున్నారు. గుంటూరులో ఉన్న మా అత్తగారికి, మామగారికి, మిగతా బంధువులకు తెలుగులో ఒక శుభలేఖ లాంటిది పంపుదామని ఇలా రాశాను: ‘మా చిరంజీవి హైస్కూల్ స్నాతకోత్సవంలో సీనియర్ గౌరవాలతో పట్టభద్రుడై, డిప్లొమా స్వీకరిస్తున్న శుభ సందర్భంగా...’ మావారు చదివి ఒకటే నవ్వు. ‘సీనియర్ ఆనర్స్’ అనే మాటను ఫోన్‌లో అనువాదం చేయిస్తే ‘వృద్ధుల సన్మానం’ అని వచ్చింది. దానికంటే నాదే నయం కదా! ఇంతకీ ఏం రాయాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయికి నా ఆశీస్సులు. మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా గుంటూరులో చదివేవారికి మీరు చెప్పాలనుకున్నది అందదు. అందులోని మాటలు చాలావరకు తెలుగులో ఇప్పటికే ఉద్యోగం చేస్తున్నాయి. కాకపోతే వేరే ఉద్యోగం.

హైస్కూల్ సంగతే చూడండి. మీకక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. మీ మామగారికి ఆరు నుంచి పది. పది పాసైతే హైస్కూలు అయిపోయినట్టే, ఆ తర్వాతది కాలేజీ. పద్దెనిమిదేళ్ళ మనవడు ఇప్పుడు హైస్కూలు పూర్తిచేశాడని చదవగానే ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుంటారు, ‘మధ్యలో రెండేళ్ళు గానీ తప్పాడా?’ అని. డిప్లొమా ఇంకా చిక్కు. గ్రీకులో అది రెండుగా మడిచిన పత్రం. మన దగ్గర మాత్రం పది అయ్యాక పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చదివేది. బంధువుల్లో ఎవరో ఒకరు ‘సివిలా, మెకానికలా?’ అని అడిగి తీరతారు.

ఇక గ్రాడ్యుయేషన్. ‘మావాడు గ్రాడ్యుయేషన్ చేస్తున్నాడు’ అంటే తెలుగులో డిగ్రీ చదువుతున్నాడని. ‘గ్రాడ్యుయేట్’ అంటే డిగ్రీ ఉన్నవాడు. ఆ మాటకు మనం చేసుకున్న అనువాదమే పట్టభద్రుడు. పట్టం అంటే నుదుట కట్టే పట్టీ. రాజుకు పట్టం కట్టడం, పట్టపురాణి, పట్టపుటేనుగు, అన్నీ ఆ కుటుంబమే. పొలానికి ఇచ్చే పట్టా కూడా వాటికి చుట్టమే. ఆధునిక కాలంలో పట్టభద్రుడనే మాట విశ్వవిద్యాలయ డిగ్రీకి అంటుకుపోయింది. శాసనమండలి ఎన్నికలు వచ్చినప్పుడల్లా ‘పట్టభద్రుల నియోజకవర్గం’ అని పేపర్లో చూస్తాం కదా. అక్కడ ఓటు కావాలంటే డిగ్రీ చేతికొచ్చి కనీసం మూడేళ్ళు కావాలి. మీ అబ్బాయిని ఇప్పుడే పట్టభద్రుణ్ణి చేస్తే, నాలుగేళ్ళ తర్వాత నిజంగా డిగ్రీ తెచ్చుకున్నప్పుడు ఏమంటారు?

అసలు ప్రశ్న స్నాతకోత్సవం గురించి. స్నాతక + ఉత్సవం, గుణసంధి. (కొందరు ‘స్నాతకోస్తవం’ అని రాస్తున్నారు. అక్కడ సకారం ముందుకు దూకడానికి కారణం తొందర తప్ప మరోటి కాదు.) స్నాతకుడంటే స్నానం చేసినవాడు. గురువుగారి దగ్గర చదువు ముగిశాక చేసే స్నానం అది. ఆ సంస్కారానికే సమావర్తనం అని ఇంకో పేరు, అంటే తిరిగి రావడం. గురుకులం వదిలి సొంత ఇంటికి తిరిగి వచ్చేవాడికి గురువు చెప్పే చివరి మాటలే తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఉన్న ‘సత్యం వద, ధర్మం చర’. మన విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవ ఉపన్యాసాల్లో ఆ వాక్యాలు తరచు వినబడేది అందుకే. అమెరికావారు ఇదే వేడుకను ‘కమెన్స్‌మెంట్’ అంటారు, అంటే ప్రారంభం. మనవారికి చదువు ముగియడమంటే ఇంటికి రావడం, వారికి బయలుదేరడం. పద్దెనిమిదేళ్ళు రాగానే పిల్లలు పెట్టె సర్దుకుని వేరే ఊరి కాలేజీకి వెళ్ళే ఇళ్ళలో ఆ పేరే సరిపోతుందేమో, మీకే బాగా తెలియాలి.

వ్యుత్పత్తి ప్రకారం చూస్తే మీ అబ్బాయిని స్నాతకుడు అనడానికి అడ్డేమీ లేదు. చదువు ఒక దశ ముగిసింది, బడి వదిలి వస్తున్నాడు. స్నానం ఇంట్లో చేసి వెళ్తాడనుకోండి! కానీ మాటకు వ్యుత్పత్తి ఒక్కటే చాలదు, రూఢి అని ఒకటి ఉంది. ప్రవీణుడంటే మొదట వీణలో ఆరితేరినవాడు. మా రోజుల్లో ‘భాషాప్రవీణ’ చదివిన తెలుగు మాస్టార్లు బడిబడికీ ఉండేవారు, వాళ్ళలో వీణ ముట్టుకున్నవారు ఎందరు? అలాగే స్నాతకోత్సవం విశ్వవిద్యాలయాల సొత్తయి కూర్చుంది. దానికి గట్టి సాక్ష్యం స్నాతకోత్తరం. ఎం.ఏ., ఎం.ఎస్సీ.లను మనం స్నాతకోత్తర విద్య అంటున్నాం, అంటే స్నాతకం తర్వాతది. పన్నెండో తరగతికే స్నాతకం అయిపోతే బి.ఏ. స్నాతకోత్తరం అవుతుంది, ఎం.ఏ.కు పేరు వెతుక్కోవాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగువారి పెళ్ళిళ్ళలో కొందరి ఇళ్ళల్లో పెళ్ళికొడుక్కి ముందు స్నాతకం చేస్తారు. ఆ వెంటనే చేతికి గొడుగు, కర్ర ఇచ్చి కాశీయాత్రకు బయల్దేరదీస్తారు. బావమరిది వచ్చి బతిమాలి వెనక్కి తెస్తాడు. మీ అత్తగారి చెవికి స్నాతకం అనే మాట ముందు ఆ దిక్కు నుంచే వినబడవచ్చు.

హైదరాబాద్‌లో ఇప్పుడు యూకేజీ పిల్లలకు కూడా నల్ల గౌన్లు తొడిగి ‘గ్రాడ్యుయేషన్ డే’ చేస్తున్నారు. ఫోటోల కింద స్నాతకోత్సవం అని రాస్తున్నారు. ఐదేళ్ళ స్నాతకులు ముద్దుగానే ఉంటారు, కాదనను. నేను మాత్రం ఆ మాట అక్కడ వాడను.

మరి పాసవడానికి తెలుగు మాట లేదా అంటే, రెండున్నాయి, రెండూ ఒకే బొమ్మ. ఉత్తీర్ణుడు అంటే నీటిని దాటి పైకి వచ్చినవాడు. ‘తౄ’ అనే ధాతువుకు దాటడం, ఈదడం అని అర్థం. దాన్నే ఊళ్ళో గట్టెక్కాడు అంటాం. పండితుడు సంస్కృతంలో చూసిందీ, రైతు కాలవ దగ్గర చూసిందీ ఒకటే. నాకు ఈ జంట అంటే చాలా ఇష్టం. అయితే తొందరపడి ఆహ్వానంలో ‘మావాడు గట్టెక్కాడు’ అని రాసేరు! అర్థం ఒకటైనా మర్యాద ఒకటి కాదు. గట్టెక్కడం అత్తెసరు మార్కులవాడికి. (అత్తెసరు వంటింటి మాట. గంజి వార్చే పని లేకుండా సరిగ్గా సరిపడేంత ఎసరు పెట్టడం. చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.) క్లాసులో రెండోవాడిని గట్టెక్కాడంటే వాడు మిమ్మల్ని క్షమించడు.

‘సీనియర్’ దగ్గర మాత్రం మన అదృష్టం బాగుంది. అమెరికా హైస్కూల్లో పదకొండోవాళ్ళు జూనియర్లు, పన్నెండోవాళ్ళు సీనియర్లు. మన దగ్గర పదకొండు జూనియర్ ఇంటర్, పన్నెండు సీనియర్ ఇంటర్. ఇంతకంటే చక్కని పొత్తు దొరకదు. ‘అంటే ఇక్కడి సీనియర్ ఇంటర్ లాంటిది’ అని ఒక్క ముక్క చేరిస్తే మీ మామగారి వేళ్ళ లెక్క అక్కడితో సరి. ఫోన్ అనువాదానికి ఈ సీనియర్ తెలియదు. దానికి తెలిసింది సీనియర్ సిటిజన్ ఒక్కడే. సన్మానం మాట కూడా తెలుగులో శాలువా, పూలదండ, నెరిసిన జుట్టు లేకుండా ఊహకు రాదు. యంత్రం తప్పు చేసినా లోకజ్ఞానంతోనే చేసింది.

సల్యూటటోరియన్‌కు వద్దాం. లాటిన్‌లో ‘సలూటారే’ అంటే పలకరించడం. ‘వాలే’ అంటే సెలవు. రెండో ర్యాంకువారు సభ మొదట్లో స్వాగతం పలికితే, మొదటి ర్యాంకు వచ్చిన వాలెడిక్టోరియన్ చివర వీడ్కోలు పలకడం సంప్రదాయం. తెలుగులో ఈ రెంటికీ అచ్చంగా కవల మాటలున్నాయి. ఎదురుకొను నుంచి ఎదుర్కోలు, వీడుకొను నుంచి వీడ్కోలు. ఎదుర్కోలు ఇప్పుడు పెళ్ళివారి మాటగానే మిగిలింది. మగపెళ్ళివారు వస్తుంటే ఆడపెళ్ళివారు ఎదురువెళ్ళి, పానకం ఇచ్చి తీసుకురావడం అది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముందురోజు జరిగేదాన్నీ ఎదుర్కోలు ఉత్సవమనే అంటారు. మీ అబ్బాయి చేయబోయేది అదే, పానకం లేకుండా.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పాత తెలుగులో వీడుకొనడం వేరు, వీడుకొలపడం వేరు. వెళ్ళేవాడు వీడుకొంటాడు, ఉండేవాడు వీడుకొలుపుతాడు. మన బడుల్లో వీడ్కోలు సభ అంటే చిన్న తరగతివాళ్ళు పెద్ద తరగతివాళ్ళకు చేసేది, అంటే వీడుకొలుపు. అమెరికాలో వెళ్ళిపోయే పిల్లవాడే లేచి సెలవు పుచ్చుకుంటాడు, అది అసలైన వీడుకోలు. ఇప్పటి తెలుగులో రెండూ కలిసిపోయి వీడ్కోలు ఒక్కటే నిలిచింది. ఆ తేడా పోయిందని నాకు కొంచెం దిగులు. ఎవరు వెళ్తున్నారో, ఎవరు ఉండిపోతున్నారో క్రియలోనే తెలిసే సౌకర్యం మళ్ళీ రాదు.

అలాగని బిరుదుకు ‘ఎదుర్కోలు వక్త’ అనో ‘స్వాగతోపన్యాసకుడు’ అనో రాయకండి. తెలుగు సభలో స్వాగతం పలికేది సాధారణంగా కార్యదర్శి. కుర్చీలు, మైకులు చూసుకున్నవాడికి ఇచ్చే మర్యాద అది. ఆ మాట చదివినవారు మీ అబ్బాయి సభ ఏర్పాట్లు చూస్తున్నాడనుకుంటారు గానీ, నాలుగేళ్ళ మార్కుల్లో రెండోవాడనుకోరు. అక్కడ ఉపన్యాసం పైకి కనిపించేది, అసలు విషయం ర్యాంకు. మీ టెక్సస్‌లో అయితే ర్యాంకుకు మరీ విలువ. తరగతిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఇవ్వాలని 1997లో చట్టమే చేశారు (ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయం తర్వాత ఆ హద్దును ఇంకా తగ్గించుకుంది). మొదటి ర్యాంకు వచ్చినవారికి ప్రభుత్వ కాలేజీలో తొలి ఏడాది ట్యూషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది. ఒకటో రెండో పాయింట్ల తేడాతో ఆ ఇళ్ళలో ఎంత టెన్షనో నేను చెప్పాలా!

కాబట్టి బిరుదు అర్థం చెప్పే మాట కావాలి. దాన్ని వెతకడానికి నిఘంటువు అక్కర్లేదు. ‘స్కూల్ ఫస్ట్, స్కూల్ సెకండ్’ అని తెలుగునాట ప్రతి వీధి అరుగుకూ తెలుసు. రెండూ ఇంగ్లీషు ముక్కలే, అయినా ఆ వరసలో పెట్టి వాడింది మనం. పండితుణ్ణి అయి ఉండి ఇంగ్లీషు మాట సిఫారసు చేస్తున్నానని కొందరు కోపగించుకుంటారు. ‘ద్వితీయ స్థానం’ అని రాసినా తప్పు లేదు. కానీ మీ అత్తగారు పక్కింటావిడకు చెప్పేటప్పుడు ‘మా మనవడు స్కూల్ సెకండ్’ అనే అంటారు.

ఆనర్స్ గురించి రెండు మాటలు. అక్కడ బడిని బట్టి ‘కుమ్ లాడే, మాగ్నా కుమ్ లాడే, సుమ్మా కుమ్ లాడే’ అని లాటిన్ మెట్లుంటాయి. ప్రశంసతో, గొప్ప ప్రశంసతో, అత్యున్నత ప్రశంసతో అని అర్థం. మనకు డిస్టింక్షన్ ఉంది, దానితో సరిపెట్టండి. ఊరికే ‘ఆనర్స్’ అని రాస్తే పెద్దవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం బి.ఏ. ఆనర్స్ గుర్తొస్తుంది. ‘గౌరవాలతో’ అన్నదైతే పూర్తిగా తీసేయండి. తెలుగులో గౌరవం ఇస్తారు, చేస్తారు. ‘గౌరవాలతో పాసవడం’ ఎక్కడా లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను:

‘మా అబ్బాయి పన్నెండో తరగతి (ఇక్కడ హైస్కూలు, మన లెక్కలో సీనియర్ ఇంటర్) డిస్టింక్షన్‌లో పూర్తిచేసి, స్కూల్ సెకండ్‌గా నిలిచాడు. మే నెలాఖరులో బడివారు పిల్లలకు చదువు ముగింపు వేడుక చేస్తున్నారు. ఆ సభలో మొదట స్వాగతం పలికే అవకాశం, ర్యాంకును బట్టి, మావాడికి దక్కింది. మీరందరూ ఆశీర్వదించాలని కోరుతున్నాం.’

‘చదువు ముగింపు’ అన్నది అపశకునంలా వినిపిస్తే ‘హైస్కూలు చదువు పూర్తయిన వేడుక’ అనండి. గ్రాడ్యుయేషన్ అనే మాట ఉండి తీరాలనుకుంటే ‘హైస్కూల్ గ్రాడ్యుయేషన్’ అని జోడించే రాయండి, ఒంటరిగా వదలకండి.

ఫోటోలు పంపేటప్పుడు కింద ఏం రాయాలో కూడా చెబుతాను, మీరు అడగకపోయినా. మెడలో వేసేది కండువా, స్టోల్ అనక్కర్లేదు. నలుచదరపు టోపీ నుంచి వేలాడేది కుచ్చు, మన జడకుచ్చుల్లోని కుచ్చే. పట్టా పుచ్చుకున్నాక దాన్ని కుడి నుంచి ఎడమకు తిప్పుతారు. గౌను మాట మాత్రం రాయకండి. తెలుగులో గౌను వేసుకునేది ఆడపిల్లలు, లాయర్లు. మనవడు గౌను వేసుకున్నాడని వింటే మీ అత్తగారు ఏ రంగుదని అడుగుతారు.